క్రిమి చచ్చిందా, బతికిందా?

సంతలో కుండ కొనే ఆమె ఏం చేస్తుంది? వేలు మడిచి కుండను తడుతుంది. ఖంగుమని మోగితే కొంటుంది. మోగకపోతే పక్కన పెడుతుంది.

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే శిల్పులు ఉన్నారు. ఉలి పెట్టేముందు వాళ్ళు కూడా రాయిని తట్టి వింటారు. నంద్యాల చుట్టుపక్కల పల్లెల్లో శనగ విత్తేముందు రైతు ఇంట్లో ఒక పని చేస్తారు. వంద గింజలు లెక్కపెడతారు. తడిగోనెలో చుట్టి పెడతారు. మూడు నాలుగు రోజులకు విప్పి చూస్తారు. తొంభై మొలిచాయా? విత్తనం మంచిది. నలభై మొలిచాయా? ఆ విత్తనం చేనుకు పనికిరాదు.

అంటే పరీక్ష మనకు కొత్త కాదు. చదువు రాకముందు నుంచే చేస్తున్నాం.

కానీ క్రిమి సంగతి వేరు. తడితే మోగదు. కంటికి కనపడదు. నీళ్ళలో ఉంటే రుచి మారదు, వాసన రాదు. చెంబెడు నీళ్ళలో లక్ష క్రిములున్నా ఆ నీళ్ళు అద్దంలా మెరుస్తూనే ఉంటాయి.

2021 ఏప్రిల్‌లో పాణ్యం మండలం గోరుకల్లులో వాంతులు, భేదులు వచ్చాయి. అప్పుడది కర్నూలు జిల్లా. ఇప్పుడు నంద్యాల జిల్లా. చాలామంది ఆసుపత్రి పాలయ్యారు. కొందరి ప్రాణాలు పోయాయి. నీళ్ళు చెడిపోవడమే కారణమని వార్తలు వచ్చాయి. ఆ నీళ్ళు తాగినవాళ్ళెవరూ చెడ్డ నీళ్ళని తెలిసి తాగలేదు.

2020లో కోవిడ్ వచ్చిన తర్వాత అంగళ్ళలో ఒక మాట ఎక్కువైంది. "ఇది క్రిములను చంపుతుంది" అని. సబ్బు మీద అదే మాట. గోడ రంగు డబ్బా మీద అదే మాట. గుడ్డ మీద, కాగితం మీద కూడా అదే మాట. వింటున్న ఆడవాళ్ళకు ఒక అనుమానం రాక మానదు. "కంటికి కనపడంది సచ్చిందో బతికిందో ఎట్ల తెలుస్తాది, వదినా?"

మంచి ప్రశ్న. శాస్త్రవేత్తలు కూడా అక్కడినుంచే మొదలుపెడతారు. వెలుగు తగిలితే క్రిములను చంపే కాగితం ఒకటుంది. దాన్ని ఎలా పరీక్ష చేస్తారో చూద్దాం.

ఆ కాగితం మీద ఏముంది?

ఆ కాగితం మీద తెల్లని పొడి పూత ఉంటుంది. దాని పేరు టైటానియం డయాక్సైడ్. పేరు పలకడం కష్టం. పొడి మాత్రం మనకు పాత చుట్టమే. గోడకు వేసే తెల్లరంగులో ఉంటుంది. పళ్ళు తోముకునే పేస్టుల్లో కూడా వాడతారు. అది సముద్రపు ఒడ్డున దొరికే నల్లని ఇసుకలోనుంచి వస్తుంది. మన శ్రీకాకుళం తీరంలో ఆ ఇసుక ఉంది. కేరళ తీరంలోనూ ఉంది. తిరువనంతపురంలో ఆ పొడి తయారుచేసే ఫ్యాక్టరీ కూడా ఉంది.

ఈ పొడికి ఒక గుణం ఉందని జపాన్ శాస్త్రవేత్తలు ఇద్దరు కనిపెట్టారు. వాళ్ళ పేర్లు ఫుజిషిమా, హోండా. 1972లో ఆ సంగతి లోకానికి తెలిపారు. ఈ పదార్థం మీద తగినంత వెలుగు పడితే నీళ్ళు కూడా విడిపోతాయని చూపించారు. తర్వాత 1985లో జపాన్‌లోనే మరికొందరు ఇదే పొడితో వెలుగులో క్రిములను చంపి చూపించారు.

ఎలా చంపుతుంది? పొడి మీద వెలుగు పడుతుంది. పొడి పక్కనే గాలి ఉంటుంది, కాస్త తేమ ఉంటుంది. వెలుగు తగిలిన పొడి ఆ గాలిని, ఆ తేమను చాలా చురుకైన పదార్థాలుగా మారుస్తుంది. బ్లీచింగ్ పౌడరు కన్నా చురుకైనవి. అవి రెప్పపాటు కూడా నిలవవు. దూరం పోవు. కానీ ఉన్న ఆ కాస్త సేపట్లోనే పక్కనున్న క్రిమి పైపొరను కొరికేస్తాయి. పొరకు చిల్లి పడితే క్రిమి చచ్చిపోతుంది.

పొడి మాత్రం అయిపోదు. రోకలి వడ్లను దంచుతుంది. బియ్యం అవుతాయి. రోకలి తరిగిపోతుందా? లేదు. ఇదీ అంతే. వెలుగు పడినంతసేపూ పనిచేస్తుంది.

కానీ ఏ వెలుగు పడినా చాలదు. ఎండలో కంటికి కనపడని కిరణాలు కొన్ని ఉంటాయి. వాటిని అతినీలలోహిత కిరణాలు అంటారు. మామూలు టైటానియం పొడికి ఆ కిరణాలే కావాలి. నంద్యాల ఎండలో వాటికి కొదవ లేదు. ఇంట్లో ట్యూబులైటు వెలుగులో చాలా తక్కువ. ఇంట్లో వెలుగుకే పనిచేసే పూతలు కూడా తయారుచేశారు. వాటికి పరీక్ష వేరే ఉంది. రాత్రి దీపం ఆర్పేస్తే వెలుగుతో జరిగే ఈ పని ఆగిపోతుంది.

ఇంకో చిక్కుంది. ఈ పొడి క్రిమినే కాదు, కాగితాన్నీ కొరుకుతుంది. కాగితం కూడా చెట్ల నారే కదా. అందుకని పొడి కాగితానికి నేరుగా తగలకుండా మధ్యలో ఇంకేదైనా పొర వేస్తారు. లేకపోతే కొన్నాళ్ళకు కాగితమే పొడిపొడి అవుతుంది.

ఇలాంటి పూత కాగితానికే కాదు, జపాన్‌లో ఆసుపత్రి గోడల పలకలకు కూడా వేశారు. మన హైదరాబాద్ దగ్గర బాలాపూర్‌లో ఎ.ఆర్.సి.ఐ. అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు ఇదే పొడిని బట్టలకు పట్టించారు. ఎండలో మరకలు వాటంతటవే పోయే బట్టల మీద పనిచేశారు.

ఒక మాట ఇక్కడే చెప్పుకోవాలి. ఉగ్గాని, బజ్జీలు చుట్టి ఇచ్చే పేపరు ఈ కాగితం కాదు. అది పాత వార్తాపత్రిక. దాని మీద అచ్చు సిరా ఉంటుంది, నలుగురి చేతుల మురికి ఉంటుంది. దానిలో తినే వస్తువులు చుట్టవద్దని ఆహార భద్రత సంస్థ 2016లోనూ, 2023లోనూ చెప్పింది.

నాలుగు ముక్కల పరీక్ష

ఇప్పుడు అసలు సంగతి. పూత కాగితం క్రిములను చంపుతుందా లేదా? ఎలా తెలుసుకుంటారు?

ముందు క్రిములు కావాలి. పరీక్షకు ఎక్కువగా రెండు రకాలు వాడతారు. ఒకటి ఈ.కోలై. అది మన పేగుల్లో ఉంటుంది, దొడ్డికి వెళ్ళినప్పుడు బయటికి వస్తుంది. రెండోది స్టఫైలోకోకస్. గడ్డల్లో చీము పట్టించేది చాలాసార్లు ఇదే. వీటిని నీళ్ళలో కలుపుతారు. చుక్కలో ఎన్ని క్రిములున్నాయో ముందే లెక్క చూసుకుంటారు.

తర్వాత కాగితాన్ని ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్క అయిదు సెంటీమీటర్ల పొడవు, అయిదు సెంటీమీటర్ల వెడల్పు. అంటే అగ్గిపెట్టె పొడవంత. ప్రతి ముక్క మీద అన్నే క్రిములున్న నీళ్ళు వేస్తారు. ఆరిపోకుండా పైన పలచని ప్లాస్టిక్ పొర కప్పుతారు. వెలుగు దాంట్లోనుంచి దూరుతుంది. కొన్ని గంటలు అలా ఉంచుతారు. అందరూ ఒప్పుకున్న ఒక పద్ధతిలో ఎనిమిది గంటలు.

ఎన్ని ముక్కలు కావాలి? ఒకటి చాలదా? చాలదు. నాలుగు రకాలు కావాలి.

ఒకటి, పూత లేని కాగితం చీకట్లో.
రెండు, పూత లేని కాగితం వెలుగులో.
మూడు, పూత ఉన్న కాగితం చీకట్లో.
నాలుగు, పూత ఉన్న కాగితం వెలుగులో.

నాలుగో ముక్క ఒక్కటే చూస్తే ఏం తెలుస్తుంది? క్రిములు చచ్చాయని తెలుస్తుంది. ఎందుకు చచ్చాయో తెలియదు. వెలుగుకే చచ్చి ఉండవచ్చు. వాటంతటవే చచ్చి ఉండవచ్చు. పొడి విషం అయి ఉండవచ్చు. మిగతా మూడు ముక్కలు ఉంటేనే దొంగ దొరుకుతాడు.

ఇంట్లో కూడా ఇలాగే చూస్తాం. పెరుగు సరిగా తోడుకోలేదు. పాలది తప్పా, తోడుది తప్పా? అవే పాలలో వేరే తోడు వేసి చూస్తాం. వేరే పాలలో ఇదే తోడు వేసి చూస్తాం. ఒక్కసారికి ఒక్కటే మారుస్తాం. రెండూ ఒకేసారి మారిస్తే తప్పు ఎక్కడుందో తెలియదు.

ఎలా లెక్కపెడతారు?

ఎనిమిది గంటలు అయ్యాయి. ఇప్పుడు కాగితం మీద ఎన్ని క్రిములు బతికి ఉన్నాయి? వదిన అడిగిన ప్రశ్న ఇదే కదా. చచ్చిన క్రిమి, బతికిన క్రిమి చూడటానికి ఒకేలా ఉంటాయి.

ఇక్కడ శాస్త్రవేత్తలు శనగ రైతు పనే చేస్తారు. మొలకెత్తిస్తారు.

కాగితం ముక్కను శుభ్రమైన ద్రవంలో కడుగుతారు. క్రిములు దాంట్లోకి దిగుతాయి. దాన్ని అలాగే మొలకెత్తిస్తే లెక్కకు అందవు. అందుకని పలచన చేస్తారు. ఒక గరిటె తీసి తొమ్మిది గరిటెల శుభ్రమైన నీళ్ళలో కలుపుతారు. పది వంతులు పలచనైంది. దాంట్లోనుంచి ఒక గరిటె తీసి మళ్ళీ తొమ్మిదిలో కలుపుతారు. వంద వంతులు పలచనైంది. గట్టి పెరుగు నీళ్ళ మజ్జిగ అయినట్టు. ఇంకా కావాలంటే ఇంకోసారి.

ఆ పలచని నీళ్ళు కొంచెం తీసి గాజు పళ్ళెంలో పరుస్తారు. పళ్ళెంలో ముందే గడ్డకట్టిన జిగురు ఉంటుంది. సముద్రపు నాచు నుంచి తీసిన ఆ పదార్థాన్ని అగార్ అంటారు. అంగట్లో చైనా గ్రాస్ అని అమ్మేది కూడా ఇదే జాతిది. దాంట్లో క్రిములకు తిండి కలిపి ఉంటుంది. ఆ పళ్ళేన్ని మన ఒంటి వేడంత వెచ్చదనంలో ఒక రోజు ఉంచుతారు.

బతికిన క్రిమి తింటుంది, రెండవుతుంది. రెండు నాలుగవుతాయి. తెల్లారేసరికి లక్షలవుతాయి. అవన్నీ ఒకచోట కుప్పపడి చుక్కలా కనిపిస్తాయి. అప్పుడు కంటికి ఆనుతుంది! ఒక్కో చుక్క మొదట ఒక్కో బతికిన క్రిమి. చచ్చిన క్రిమి మొలవదు, చుక్క రాదు. చుక్కలు లెక్కపెడతారు. ఎన్నిసార్లు పలచన చేశారో అన్ని పదులతో హెచ్చిస్తారు. లెక్క తేలుతుంది.

చదువుకున్న ఎక్కాలు ఇక్కడ పనికొస్తాయి. మాటవరసకు ఒక లెక్క చూద్దాం. ప్రతి ముక్క మీద 1,00,000 క్రిములు వేశారు అనుకుందాం. చివరికి ఇలా మిగిలాయి అనుకుందాం.

పూత లేని కాగితం చీకట్లో: 90,000.
పూత లేని కాగితం వెలుగులో: 50,000.
పూత ఉన్న కాగితం చీకట్లో: 90,000.
పూత ఉన్న కాగితం వెలుగులో: 100.

ఈ అంకెలు ఏం చెబుతున్నాయి? చీకట్లో పూత ఉన్నా లేకున్నా ఒకటే. అంటే పొడి ఒక్కటే క్రిమిని చంపలేదు. వెలుగు ఒక్కటే కొన్నింటిని చంపింది. పూత, వెలుగు రెండూ కలిస్తే దాదాపు అన్నీ చచ్చాయి. కాబట్టి ఇది నిజంగా వెలుగుతో పనిచేసే కాగితమే.

మూడో ముక్క మీద కూడా వందే మిగిలి ఉంటే? అప్పుడు కథ వేరు. చీకట్లోనూ చంపుతోంది అంటే ఆ పూతలో ఇంకేదో మందు కలిసింది. అది పిల్లల చేతికి, నోటికి తగలవచ్చా అని అడగాలి.

కొందరు అమ్మేవాళ్ళు మొదటి ముక్క, నాలుగో ముక్క మాత్రమే చూపిస్తారు. 90,000 ఎక్కడ, 100 ఎక్కడ! కొనేవాళ్ళు నోరెళ్ళబెడతారు. రెండో ముక్క ఏమైందని ఎవరూ అడగరు. వట్టి వెలుగుకే దాదాపు సగం చచ్చాయన్న సంగతి కప్పిపెట్టేశారు.

తొంభై తొమ్మిది శాతం అంటే?

డబ్బాల మీద 99.9 శాతం క్రిములు చస్తాయి అని రాసి ఉంటుంది. లక్ష క్రిముల్లో 99.9 శాతం చస్తే ఎన్ని మిగులుతాయి? వంద. వందే కదా అనిపిస్తుంది.

ఈ.కోలై లాంటి క్రిమికి తిండి, తేమ, వేడి బాగా దొరికితే ఇరవై నిమిషాలకు ఒకటి రెండవుతుంది. వంద క్రిములు పాలలో పడ్డాయి అనుకోండి. ఇరవై నిమిషాలకు రెండు వందలు. గంటకు ఎనిమిది వందలు. మూడు గంటల ఇరవై నిమిషాలకు మళ్ళీ లక్ష దాటుతాయి. మే నెల ఎండలో మూత లేని పాలగిన్నె గురించి ఇది.

పరీక్ష గదిలో ఇంకో సౌకర్యం ఉంటుంది. అక్కడ దుమ్ము లేదు, నూనె చెయ్యి లేదు. మన ఇళ్ళలో రెండూ ఉంటాయి. పూత మీద దుమ్ము, జిడ్డు పేరుకుంటే పొడికి వెలుగు అందదు. క్రిమి దుమ్ము పైన కూర్చుంటుంది, పొడి దుమ్ము కింద ఉంటుంది. రెండూ కలిసేది ఎక్కడ? అందుకే గదిలో గెలిచిన పూత వాడకంలో అంత బాగా గెలవకపోవచ్చు. ఆసుపత్రి గోడకు ఈ పూత ఉన్నా గోడను తుడవక తప్పదు. చెయ్యి కడుక్కోకా తప్పదు.

వట్టి ఎండ తక్కువదా?

రెండో ముక్క లెక్క మరిచిపోకూడదు. పూత లేకుండా వెలుగు ఒక్కటే పనిచేసింది.

ఈ సంగతి 1877లోనే ఇంగ్లండులో డౌన్స్, బ్లంట్ అనే ఇద్దరు చూశారు. వాళ్ళు గాజు గొట్టాలలో క్రిములు పెరిగే ద్రవం పోసి ఎండలో పెట్టారు. కొన్ని గొట్టాలకు సీసపు రేకు చుట్టారు. రేకు చుట్టినవి మురిగిపోయి మబ్బుగా అయ్యాయి. ఎండ తగిలినవి తేటగా ఉన్నాయి. చూశారా, నాలుగు ముక్కల పరీక్షకు ఇది అవ్వ వంటిది. అదే ఎండలో ఒకటి తెరిచి, ఒకటి కప్పి పెట్టడం. డెన్మార్కులో ఫిన్సెన్ అనే డాక్టరు చర్మానికి వచ్చే ఒకరకం క్షయను వెలుగుతో నయం చేసి 1903లో నోబెల్ బహుమతి పొందాడు. మన అవ్వలు బొంతలు, పరుపులు ఎండలో వేసేవాళ్ళు. కారణం తెలియకపోయినా పని మంచిదే.

ఎండతో తాగే నీళ్ళను కూడా శుభ్రం చేయవచ్చు. కట్టెలు, గ్యాసు లేనప్పుడు ఇది అక్కరకొస్తుంది. రంగు లేని ప్లాస్టిక్ సీసా కావాలి. రెండు లీటర్లకు మించకూడదు. గీతలు పడి మసకబారినది పనికిరాదు. నీళ్ళు నింపి మూత బిగించాలి. మిద్దె మీద పడుకోబెట్టాలి. మంచి ఎండలో ఆరు గంటలు ఉంచాలి. మబ్బు పట్టితే రెండు రోజులు. జడివానలో ఈ పని కాదు, నీళ్ళు కాచుకోవాలి.

నీళ్ళు తేటగా ఉండాలి. కుందూ వరదలప్పుడు వచ్చే ఎర్రనీళ్ళలో ఎండ దూరదు. ఎంత తేటగా ఉండాలి? దీనికి అక్షరాలు వచ్చినవాళ్ళు చేయగల పరీక్ష ఒకటుంది. వార్తాపత్రిక పరిచి, పెద్ద అక్షరాల మీద నీళ్ళ సీసాను నిలబెట్టాలి. మూత తీసి పైనుంచి సీసా అడుగుకు చూడాలి. అక్షరాలు చదవగలిగితే ఆ నీళ్ళకు ఎండ చాలు. చదవలేకపోతే ముందు తేర్చి, వడగట్టాలి.

ఎండ క్రిములనే చంపుతుంది. నీళ్ళలో ఫ్లోరైడు ఉంటే పోదు, ఉప్పదనం పోదు, పొలం మందులు పోవు.

నల్లబడే కాగితం

మరి ఎండలో పెట్టిన నీళ్ళలో క్రిములు పోయాయని ఎట్ల తెలుస్తాది? అగార్ పళ్ళేలు పల్లెలో ఎక్కడివి? దీనికి ఇంకొక కాగితం ఉంది. ఇది క్రిమిని చంపదు, పట్టిస్తుంది. దీన్ని మన దేశంలోనే కనిపెట్టారు. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థలో మంజా, మౌర్య, రావు అనే శాస్త్రవేత్తలు 1982లో దీని గురించి తెలిపారు.

చిన్న సీసాలో మందు పట్టించి ఆరబెట్టిన కాగితం ముక్క ఉంటుంది. గీత వరకు నీళ్ళు పోసి మూత పెట్టాలి. ఒకటి రెండు రోజులు నీడన వెచ్చగా ఉంచాలి. నీళ్ళలో మలం కలిసి ఉంటే దాంతో వచ్చిన క్రిములు ఆ మందును తింటాయి. కుళ్ళిన గుడ్డు వాసన వచ్చే వాయువును వదులుతాయి. ఆ వాయువు కాగితంలోని ఇనుముతో కలిసి నల్లబడుతుంది. సీసా నల్లగా అయితే ఆ నీళ్ళు అలాగే తాగకూడదు.

2019లో మొదలైన జల్ జీవన్ మిషన్‌లో ఊరికి అయిదుగురు ఆడవాళ్ళకు నీటి పరీక్ష నేర్పించాలని పెట్టారు. ఇలాంటి సీసాలు, పరీక్ష పెట్టెలు గ్రామ పంచాయతీలో లేదా గ్రామీణ నీటి సరఫరా శాఖలో అడగవచ్చు.

ఎండను పరీక్షించాలంటే మూడు సీసాలు చాలు. ఒకే బిందెలోని నీళ్ళు రెండు ప్లాస్టిక్ సీసాల్లో నింపాలి. ఒకటి ఉత్తగా, ఒకటి నల్లగుడ్డ చుట్టి, రెండూ ఒకే మిద్దె మీద ఆరు గంటలు పెట్టాలి. రెండింటికీ వేడి తగులుతుంది. వెలుగు మాత్రం ఒకదానికే తగులుతుంది. సాయంత్రం మూడు పరీక్ష సీసాలు తీసుకోవాలి. ఒకదాంట్లో బిందె నీళ్ళు, ఒకదాంట్లో గుడ్డ చుట్టిన నీళ్ళు, ఒకదాంట్లో ఎండ తగిలిన నీళ్ళు పోయాలి. ఏది దేనిదో సీసా మీద పేరు రాసిపెట్టాలి. రాయకపోతే మర్నాడు ఏది ఏదో తెలియక కష్టమంతా దండగ.

బిందె నీళ్ళ సీసా నల్లబడి, ఎండ సీసా నల్లబడకపోతే ఎండ పనిచేసిందని అర్థం. ఎండ సీసా కూడా నల్లబడితే ఆ నీళ్ళు కాచుకోవాలి, లేదా క్లోరిన్ కలుపుకోవాలి. బిందె నీళ్ళ సీసాయే నల్లబడకపోతే ఆ రోజు ఎండ గురించి ఏమీ తేలనట్టే. అయినా నీళ్ళు అన్ని విధాలా మంచివని అనుకోరాదు. ఫ్లోరైడును ఈ కాగితం పట్టించలేదు.

నల్లబడిన సీసాలో ఇప్పుడు కోట్ల క్రిములున్నాయి. పిల్లలకు అందనివ్వకూడదు. మూత తీసి వాసన చూడకూడదు. బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్ళలో సీసాను ముంచాలి. ముంచాక మూత వదులు చేసి ఒక పూట ఉంచాలి. బావికి, కుళాయికి దూరంగా గుంట తీసి పారబోయాలి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి.